ఇద్దరమూ అడిగేవాళ్లమే

అద్దెకొచ్చిన ఒడియా అమ్మాయి ముందు ఇంగ్లీషు రాక నేను నీళ్లు నమిలానని మా ఆయన ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతుంటారు. అది అబద్ధం. నేను ఒక్క ముక్క కూడా మరిచిపోలేదు.

అల్లూరులో మా మిద్దె మీది పోర్షన్ ఆరు నెలలుగా ఖాళీగా ఉంది. రొయ్యల చెరువుల దగ్గర పనికి కుదిరిన ఒకతను ఫోన్ చేసి, మర్నాడు తన భార్య ఇల్లు చూడటానికి వస్తుందనీ, ఆమెకు తెలుగు రాదనీ చెప్పాడు.

"నేను మాట్లాడతాలే, నీ వల్ల కాదు" అన్నారు మా ఆయన.

బీఏ చదివినదాన్ని, ఊరుకుంటానా? ఫోన్లో ప్రశ్నలూ జవాబులూ ఇంగ్లీషులో నేర్పే వీడియో పెట్టుకుని, ఇంటి ఓనరు అడగాల్సినవన్నీ బట్టీపట్టాను.

ఆమె రాగానే "హౌ మెనీ పీపుల్?" అన్నాను.

"ఈజ్ దేర్ వాటర్ ఆల్ డే?" అంది.

"డు యూ హావ్ ఎ డాగ్?"

"హౌ ఫార్ ఈజ్ ద మార్కెట్?"

ఆమె కూడా ప్రశ్నలే బట్టీపట్టి వచ్చిందని అప్పుడర్థమైంది. జవాబులు ఇద్దరమూ నేర్చుకోలేదు.

"ఎవుర్ని ఎవురు ఇంటర్వ్యూ చేస్తా ఉండారే?" అన్నారు వరండాలోంచి మా ఆయన.

ఆమె మొహం చిన్నబుచ్చుకుని లేచింది. పోర్షన్ మళ్లీ ఖాళీయేననుకున్నాను. ఆమె చెయ్యి పట్టుకుని మిద్దె మీదికి తీసుకెళ్లి కుళాయి తిప్పాను. నీళ్లు ధారగా పడ్డాయి. ఆమె నాలుగు వేళ్లు చూపించి, కుక్కలా మొరిగి, లేదన్నట్టు చెయ్యి ఊపింది. ఇద్దరం మెట్ల మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాం.

ఆ వారమే దిగారు. ఇప్పుడామె మా ఆయనతో నెల్లూరు తెలుగులోనే పోట్లాడుతుంది. నాకు ఒక్కటే తేలలేదు. ఇల్లు ఇచ్చేవాళ్లూ, చూడొచ్చేవాళ్లూ ప్రశ్నలే నేర్చుకుంటే, ఆ వీడియోలో జవాబులు ఎవరి కోసం పెట్టినట్టు?