గోడ మీద గిన్నె

పెళ్లయి సామర్లకోట వచ్చేనాటికే నేను కవిత్వం రాస్తున్నాను. మావారిది బట్టల కొట్టు. మధ్యాహ్నం బేరాలు పల్చబడ్డాక గల్లా దగ్గర కూర్చుని రాసుకునేదాన్ని. కవితలు అచ్చయ్యేవి, బంధువులు బావుందనేవారు, అంతటితో సరి.

తొంభైల నడుమ మొదటిసారి ఒక కథ రాశాను. పంపకాల దగ్గర మాటా మాటా పెరిగి, పుట్టింటిని గోడ కట్టి రెండు చేసుకున్న అక్కచెల్లెళ్ల కథ. చెల్లెలికి ఇష్టమని అక్క పనసపొట్టు కూర వండి, గిన్నె గోడ మీద పెడుతుంది. చెల్లెలు ముట్టుకోదు. చీకటి పడ్డాక అక్కే దాన్ని లోపలికి తెచ్చుకుంటుంది. అంతా నా ఊహే. నాకు అక్క గానీ చెల్లెలు గానీ లేరు.

అది వారపత్రికలో వచ్చిన కొన్నాళ్లకు ఒక పెద్దావిడ కొట్టుకి వచ్చారు. చీరలు తీయబోతే వద్దని, "ఆ కథ రాసింది మీరేనాండీ?" అని అడిగారు. నా పేరు కింద ఊరు చూసి, పిఠాపురం నుంచి పాసింజర్ ఎక్కి వచ్చారట.

మురిసిపోతూ అవునన్నాను.

"మా ఇంటి సంగతి మీకెవరు చెప్పారండి?"

"ఎవరూ చెప్పలేదండి. కల్పించి రాశాను."

"కల్పిస్తే ఆ గిన్నె ఎలా వస్తుందండీ? గోడ మీద పెట్టింది నేను. మా ఆయనకి కూడా తెలీదు."

ఆవిణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. నాకు భయమేసింది. ఆ భయం అడుగున, పైకి చెప్పుకోలేని సంతోషం కూడా ఉంది. నీళ్లు తాగి ఆవిడే అన్నారు: "పోనీండి. మీ కథలో చెల్లెలు ఎందుకు తీసుకోలేదు?"

"అలా తోచిందండి."

"తీసుకున్నట్టు తోచలేదా మీకు?"

ఆవిడ వెళ్లాక చాలా రోజులు ఇంకో ముగింపు కోసం తంటాలు పడ్డాను. చెల్లెలు ఏడుస్తూ గిన్నె అందుకున్నట్టు రాస్తే సినిమాలా ఉంది. కొట్టేశాను.

మరుసటేడు ఆవిడ మళ్లీ వచ్చారు, చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షనుకి బట్టలు కొనడానికి. నేను అడగకముందే, "మీ కథ తప్పని తేల్చుకుందామని మళ్లీ పెట్టానండి," అన్నారు.

"తీసుకున్నారా?"

"తీసుకుంది. గిన్నె కడిగి గోడ మీద పెట్టి, ఆవ ఘాటు చాల్లేదని అరిచింది. ఇన్నేళ్లకి అది నాతో అన్న మొదటి మాట అదీ!"

ఇద్దరం నవ్వుకున్నాం. ఎన్నాళ్లు కూర్చున్నా ఆ మాట నాకు తట్టి ఉండేది కాదు.

తర్వాత కథలు పుస్తకాలయ్యాయి. కవిత్వమూ మానలేదు. రాజమండ్రి కాలేజీల్లో మాట్లాడమని పిలిస్తే, అనుభవంలో లేనిది రాయొచ్చా మేడమ్ అని పిల్లలు అడుగుతుంటారు. రాయమనే చెబుతాను. మనం ఎన్నడూ చూడని ఇంటి గుట్టు కూడా శ్రద్ధగా ఊహిస్తే అందుతుందని నా నమ్మకం. అయితే రాసింది అచ్చయ్యాక అది చదివినవాళ్లు ఏం చేస్తారో, ఏం మారుస్తారో మన చేతిలో ఉండదని కూడా చెబుతాను. ఆ మాట దగ్గర కొందరు నోట్సు రాసుకోవడం ఆపి, తలెత్తి నా వైపు చూస్తారు.