కదలని విమానానికి కూలి

పోయిన నెల మా చిన్నమ్మ చనిపోయింది. మధ్యాహ్నం బువ్వ తిని, "జర పండుకుంట, లేపకున్రి" అంది. సాయంత్రం చాయ్ వేళ దాకా మేమెవరం లేపలేదు. ఆమె మాట దాటే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ ఎన్నడూ లేదు.

సిద్దిపేటలో బీడీలు చుట్టే ఆడవాళ్ల సంఘాన్ని చాలా ఏళ్లు నడిపింది. కూలి పెంచమని సేటు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆమెది ఒకటే కట్టుబాటు. బేరం తెగేదాకా సేటు ఇచ్చే చాయ్ ముట్టకూడదు. "తాగినంక నోరు మెత్తగైతది" అనేది.

మా అమ్మాయి విమానంలో పనిచేస్తుంది. నిరుడు జీతాల గురించి కంపెనీతో మాట్లాడటానికి వాళ్ల సంఘం ముగ్గురిని పంపాలనుకుంది. అందులో మా అమ్మాయి ఒకతె. పోతే ఉద్యోగం పోతుందేమోనని భయం, పోకపోతే తోటివాళ్ల ముందు తలవంపు. ఆ దిగులుతోనే ఇంటికి వచ్చింది.

"విమానం కదిలినప్పటి సంది మాత్రమే పైసలు, నానమ్మా. అంతకుముందు జనాన్ని ఎక్కిచ్చుడు, కూసోబెట్టుడు, గంటలకొద్ది ఆగుడు, అన్నీ ఉత్తగనే."

చిన్నమ్మ పెద్దగా నవ్వింది. "మాగ్గూడ గంతే బిడ్డా. ఆకు నానబెట్టుడు, కత్తిరిచ్చుడు ఉత్తగనే. చుట్టిన బీడీకే పైసలు. మీ సేటు, మా సేటు ఒక్క బడిల చదివిన్రా ఏంది?"

"మాకు సేటు లేడు నానమ్మా. హెచ్చార్ సారు ఉంటడు."

"పేరేదైతేంది. చాయ్ ఇస్తడా?"

"ఇస్తడు. కేకు గూడ."

"అయితే పక్కా సేటే."

అమ్మాయి చర్చలకు పోవడానికే ఒప్పుకుంది. ఆ రోజు హైదరాబాదుకు చిన్నమ్మ తానూ బయలుదేరింది, డబ్బా నిండా సర్వపిండి రొట్టెలతో. ఎందుకని నేను అడగలేదు. ఆమెను అడిగి నెగ్గినవాళ్లు లేరు. హోటల్లో చర్చలు జరిగే గది బయట ఇద్దరం కూర్చున్నాం. లోపలికి వెళ్లిన చాయ్ కప్పులు నిండుగానే తిరిగి వచ్చాయి. రోజూ వందలమందికి చాయ్ అందించే పిల్లలు తమకిచ్చింది ముట్టకపోయేసరికి కంపెనీవాళ్లకు ఏమీ పాలుపోలేదట.

మధ్యాహ్నం దాటింది. హెచ్చార్ సారు చెమట తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. చిన్నమ్మ డబ్బా మూత తీసింది.

"ఆకలైతుందా కొడుకా? తిను."

ఆయన మొహమాటపడ్డాడు. "మా చాయ్ మీవాళ్లు తాగరు. మీ రొట్టె నేనెట్ల తింట, అమ్మా?"

"వాళ్ల నోరు మెత్తగైతదని తాగలే. నీ నోరు మెత్తగ గావాల్నని పెడుతున్న. తిను."

ఆయన నవ్వి ఒక ముక్క తీసుకున్నాడు. నిలబడే ఇంకోటి కూడా తిన్నాడు. సాయంత్రానికి ఒప్పందం కుదిరింది. ఉద్యోగాల జోలికి రారు. విమానం నేల మీద ఆగి ఉన్న సేపటికి కూడా ఇక సగం కూలి వస్తుంది. సర్వపిండి వల్లనే అని నేననను. చిన్నమ్మ మాత్రం అంది: "సగమేనా? అయ్యో, నాలుగు ఎక్కువ చేసుకొస్తే పూర ఇస్తుండె."

ఆ తర్వాత కొన్నాళ్లకు తను పనిచేసే విమానంలోనే మా అమ్మాయి మా ఇద్దరినీ తిరుపతికి తీసుకుపోయింది. చిన్నమ్మకు అది మొదటి విమానం. అందరూ ఎక్కి కూర్చున్నాక, పొగమంచని చెప్పి దాన్ని అక్కడే ఆపేశారు. జనం గొణిగారు, వాచీలు చూసుకున్నారు. పక్క సీటాయన లేచి అరవబోతే చిన్నమ్మ అతని మోచెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"గింత తొందరేంది నాయినా? ఆగనియ్యి. పిల్లలకు కూలి పడుతుంది."

ఆయన నాకేసి చూశాడు. నేను కిటికీకేసి చూశాను.

చాలాసేపటికి విమానం మెల్లగా కదిలింది. మా అమ్మాయి బెల్టులు సరిచూస్తూ మా వరుస దగ్గరికి వచ్చింది. చిన్నమ్మ ఆమె చెయ్యి పట్టుకుని గుసగుసగా అడిగింది.

"ఇప్పటి సంది పూరనా, బిడ్డా?"

మా అమ్మాయి నవ్వు ఆపుకుంటూ తలూపింది. చిన్నమ్మ కొంగు సర్దుకుని, సీటుకు వెనక్కి ఒరిగి, ఇక పైకి లేచినా ఫర్వాలేదన్నట్టు కళ్లు మూసుకుంది.