గుర్తుపట్టని అంగడి

ప్రొద్దుటూరులో నేను వెబ్‌సైటు చేసిపెట్టిన చీరల అంగడి యజమానికి ఒక అలవాటు ఉండేది. మెట్టెక్కిన ప్రతి మనిషినీ, "తొలిసారి వస్తాండారా మా అంగడికి?" అని అడిగేవాడు. ఇరవయ్యేళ్లుగా వస్తున్నవాళ్లనైనా అంతే. పెద్దాయనకు మతిమరుపు వచ్చిందని జాలిపడ్డాను.

అందుకే సైటుకైనా జ్ఞాపకం ఉండాలనుకున్నాను. ఎవరైనా తెరవగానే సైటును నడిపే మా సర్వరు ఆ పేజీతో పాటు ఒక చిన్న చీటీ పంపుతుంది. దాన్నే కుకీ అంటారు. ఫోను దాన్ని దాచుకుని, మళ్లీ వచ్చినప్పుడు చూపిస్తుంది. వెంటనే "పోయినసారి మీరు చూసిన చీరలు" అంటూ బొమ్మలు వరుసకడతాయి.

గర్వంగా చూపించాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"శానా ఇండ్లల్లో ఒకటే ఫోను ఉంటాదప్పా. కోడలు వాళ్లమ్మకని చూసిన చీర, అత్తకు చూపిస్తాదా ఇది?"

అంతలో వేముల నుంచి అత్తాకోడళ్లిద్దరు వచ్చారు. ఆ కోడలు మొన్న ఒక్కతే వచ్చి, వాళ్లమ్మకని చీర కొనుక్కుపోవడం నేను చూశాను. గడపలోనే ఆమె ముఖం పాలిపోయింది.

"తొలిసారి వస్తాండారామ్మా?" అన్నాడాయన. ఆమె ఊపిరి పీల్చుకుంది.

ఆ సాయంత్రమే కుకీ పంపే లైను తీసేశాను.

పోయిన నెల నా భార్యతో వెళ్లాను. ఆరు నెలలు పక్కన కూర్చుని పనిచేసిన నన్ను చూసి, "తొలిసారి వస్తాండావా అప్పా?" అన్నాడు.

"ఈయప్ప అంగడికే సైటు చేసినానంటివి గదా?" అంది నా భార్య అనుమానంగా.

నేను వంగి చెప్పులు విడిచే పనిలో పడ్డాను. అంతకు వారం ముందే, ఇంట్లో చెప్పకుండా, మా అక్కకు అక్కడే చీర కొన్నాను.