పెరిగే పిల్లకి పొట్టి స్కీలు

ఆ రోజుల్లో నాకు కొలతలంటే ఎంత పట్టింపో, నా సొంత కొలత ఎవరైనా ఎత్తితే అంత కోపం. నా ఎత్తు నూట యాభై రెండు సెంటీమీటర్లు. (నూట యాభై అని గుండుగుత్తగా చెప్పేవాళ్ళని ఇప్పటికీ క్షమించను.) చిన్నప్పుడు ఇంట్లో అందరూ "పొట్టీ" అనే పిలిచేవారు. మా అమ్మ మాత్రం ఆశ వదులుకోకుండా "పెరిగే పిల్ల" అంటూ పరికిణీలు నేలని ఊడ్చేంత పొడుగున కుట్టించేది. పరికిణీలు చిరిగిపోయాయి గాని వాటికి సరిపడా నేను పెరగలేదు. పెళ్ళయి కెనడాలో బర్నబీ వచ్చి, ఒక ఆఫీసులో లెక్కలు చూసే ఉద్యోగంలో చేరాక, ఆ పేరు సముద్రం దాటి రాలేదులే అని నిశ్చింతగా ఉన్నాను. మావారి అక్కగారు ఇక్కడే ఉన్నారన్న సంగతి మరిచాను.

వదిన నిలువెత్తు మనిషి. ప్రతి ఫిబ్రవరిలోనూ తెలిసిన తెలుగు కుటుంబాలన్నిటినీ కూడగట్టి మంచుకొండకి తీసుకెళ్ళేది. కొత్త కోడళ్ళకి ఆవిడ అప్పగించే పని ఒక్కటే, కింద హాల్లో కూర్చుని బ్యాగులకీ పులిహోర డబ్బాలకీ కాపలా. "నువ్విక్కడే కూర్చో పొట్టీ, ఆ మంచులో దిగబడితే నిన్ను తవ్వి తీయాలి," అంది అందరి ముందూ. మావారు కూడా నవ్వేశారు. కిటికీలోంచి కొండ తెల్లగా మెరుస్తోంది. ఈ ఏడు కూర్చుంటే ఇక జన్మంతా ఆ డబ్బాల దగ్గరే అనిపించింది. "నేనూ స్కీయింగ్ చేస్తాను," అన్నాను. "అలాగా! అయితే ఒక్కసారి పడకుండా దిగి చూపించు. వచ్చే ఏడు డబ్బాల దగ్గర నేను కూర్చుంటా!" అంది వదిన.

మంచు మీద జారడానికి కాళ్ళకి బిగించుకునే పొడుగాటి పలకలు, అవే స్కీలు, అద్దెకిచ్చే కౌంటర్లో ఎర్రజుట్టావిడ నన్ను ఎగాదిగా చూసి, అలవాటుందా, వేగంగా పోతారా, నెమ్మదిగా మలుపులు తిరుగుతారా అని అడిగింది. "వేగంగానే," అన్నాను. (అప్పటిదాకా నేను జారింది మా పెరట్లో పాచి మీద మాత్రమే.) ఆవిడ నమ్మలేదు. "షార్ట్ వన్స్ ఫర్ యూ," అంటూ నా గడ్డం దాకా వచ్చే జత తీసింది. షార్ట్ అన్న మాట నా చెవిలో "పొట్టీ" అనే పడింది. గోడకి ఆనించిన వాటిలో అన్నిటికన్నా పొడుగు జత చూపించి, అవే కావాలని పట్టుబట్టాను. నూట డెబ్బై అయిదు! నా నెత్తి మీద ఇంకా ఇరవై మూడు సెంటీమీటర్లు. పెరిగే పిల్లనన్న నమ్మకం ఎక్కడో మిగిలే ఉంది కాబోలు.

కొత్తవాళ్ళు నేర్చుకునే చిన్న వాలు ఎక్కాను. "అత్తా, దోజ్ ఆర్ వే టూ లాంగ్!" అని వదిన కూతురు అరుస్తూనే ఉంది. ఎడమ స్కీ ఎడమకి పోదామంది, కుడిది దాని మీదెక్కి కూర్చుంది. తిప్పుదామంటే వాటి కొసలు నా మాట వినపడేంత దగ్గరలో లేవు. వెల్లకిలా పడి, ఆపళంగా వాలంతా జారి, సరిగ్గా వదిన కాళ్ళ దగ్గర ఆగాను. "వచ్చావా? పద పొట్టీ, పులిహోర ఒంటరిగా ఉంది," అంది.

మంచు దులుపుకుని నేరుగా కౌంటర్‌కి వెళ్ళి, "ఆ పొట్టివే ఇవ్వండి," అన్నాను. ఉక్రోషంలో తెలుగులోనే అన్నా, ఎర్రజుట్టావిడకి అర్థమైంది. నూట ముప్పైవి ఇచ్చింది. అవి నాలాంటివే. చిన్న చోటు చాలు, చటుక్కున తిరుగుతాయి. నాకిష్టం వేగం కాదు, మలుపులని అప్పుడు తెలిసింది. మంచు మీద మెలికల ముగ్గు వేసుకుంటూ, పడకుండా, కిందిదాకా దిగాను.

"ఇందాక పడ్డావుగా, అది లెక్కలోకి రాదా?" అంది వదిన.

"ఒక్కసారి పడకుండా దిగమన్నారు వదినా. ఏ సారో చెప్పలేదు."

మావారు మళ్ళీ నవ్వారు గాని, ఈసారి నా పక్కన నిలబడి. మరుసటి ఫిబ్రవరిలో వదిన మాట తప్పకుండా డబ్బాల దగ్గర కూర్చుంది. (మేం దిగివచ్చేసరికి ఒక డబ్బా ఖాళీ.)

తర్వాత అదే కొలత జత సొంతంగా కొనుక్కున్నాను. జుట్టంతా నెరిసినా, ఇప్పటికీ ఆ చిన్న వాలు మీద వాటితోనే మెలికలు తిరుగుతున్నాను. ఈ శీతాకాలం వాటిని బయటికి తీసి పక్కన నిలబెట్టుకుంటే, గడ్డం దగ్గర ఉండాల్సిన కొస పెదవులకి తగిలింది. అనుమానమొచ్చి టేపు తెచ్చి కొలిచాను. స్కీలు నూట ముప్పయ్యే. నేనే, నూట నలభై ఏడు. మా అమ్మ చూస్తే ఎంత మురిసిపోయేదో! ఇన్నాళ్ళకి నా దగ్గర ఒక వస్తువు, అచ్చం పెరిగే పిల్ల కోసం తీసుకున్నట్టు, కాస్త పొడుగ్గా ఉంది.