కొండ మీద ఒలికిన బిందె

నేను పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్‌కు కాపురానికొచ్చిన కొత్తలో మాట ఇది. మా ఆయన సముద్రం మీద చేపల వేటకెళ్లాడు. ఆయన క్షేమంగా రావాలని అమ్మవారికి పసుపు నీళ్లు పోయడానికి అత్తమ్మతో కొండెక్కాను. ఇంగ్లీషువాళ్ల నాటి చర్చి కూలిపోతే, ఆ పునాదుల మీదే మావాళ్లు గుడి కట్టుకున్నారు. గుడి ముందు రాయి తగిలి తూలాను. బిందెలో సగం నీళ్లు ఒలికిపోయాయి. అపశకునమని ఏడ్చేశాను. ఆ నీళ్లకు మట్టి కొట్టుకుపోయి, రాతి మీద చెక్కిన సిలువ బయటపడింది.

అత్తమ్మ వంగి చూసింది. "ఏడవకే పిల్లా! ఈ కొండ మీద ముందున్నోడు ఆయనే కదా. ముందు ఆయన కాళ్లు కడిగినావు. మిగతాయి అమ్మోరికి పోద్దువు, చలో" అంది.

సాయంత్రానికి మా ఆయన పడవ నిండా చేపలతో వచ్చాడు.

ఇప్పుడు కొండెక్కే ఆడవాళ్లంతా ముందు ఆ సిలువకే నీళ్లు పోస్తున్నారు. మొన్న నా కొత్త కోడలు, "తాతల నాటి ఆచారమట అత్తమ్మా, తప్పకూడదు" అని నాకే నేర్పింది!