జేబులో ఉత్తరం

ముందుగా యావత్ చలనచిత్ర లోకానికి సాష్టాంగపడి క్షమాపణలు. ఈ స్మృతిలో ధ్రువతారలు రాలవు, తీరని లోట్లు ఏర్పడవు. అలాంటి డైలాగు రాస్తే మా డైరెక్టర్ సారు పాడె మీది నుంచి లేచి "కట్" అంటారని భయం.

శనివారం పొద్దున సుబేదారిలోని ఇంట్లో, సగం తాగిన చాయ్ పక్కన పెట్టి సారు పోయారు. ఫోన్ చేసింది సారు భార్య, మా మేడమ్.

"సార్ లేడు రా."

"ఏ షూటింగ్‌కు పోయిండు మేడమ్, నన్ను ఇడ్సిపెట్టి?"

మేడమ్ ఫోన్ పెట్టేసింది. ఆ జోకు వేసిన నోరు నాకింకా చేదుగానే ఉంది.

సారు తీసినవి నాలుగు సినిమాలు. నాలుగింటికీ కలిపి ఒక్కటే ఫైటు, అదీ అక్కాచెల్లెళ్లు ఇస్త్రీపెట్టె కోసం. కథ నడవట్లేదని నిర్మాతలు మొత్తుకుంటే, "మనిషిని నిలబెట్టు, కథ అదే నడుస్తది" అనేవారు. హనుమకొండ బస్టాండులో గంటల తరబడి కూర్చుని, ఎవరు సంచి ఎలా పట్టుకున్నారో చూసేవారు. ఆయనదొక పద్ధతి: కెమెరాకు కనబడకపోయినా సరే, ప్రతి పాత్ర జేబులో ఏదో ఒకటి ఉండాలి. డిగ్రీ చదివిన నా ఘనమైన ఉద్యోగం ఆ జేబులు నింపడమే.

చివరి సినిమాలో ఒక ముసలి టైలర్. అలిగి తొర్రూరులో పుట్టింట్లో ఉన్న భార్య రాసిన ఉత్తరాన్ని బస్టాండులో తీసి చదవాలి. రాయాల్సింది నేను. నటుడు జేబులో చెయ్యి పెట్టాడు. ఆగిపోయాడు. ఖాళీ చెయ్యి బయటికి తీసి, తొర్రూరు బస్సు వైపు చూస్తూ నిలబడ్డాడు. సారు కట్ చెప్పలేదు. కళ్లు తుడుచుకున్నారు.

"తీయబోయి తీయలే సూడు! గంత బరువు మాట ఏం రాసినవ్‌రా అండ్ల?"

"రహస్యం సార్."

"డైరెక్టర్‌కు గూడ దాస్తవారా, దొంగ!"

జనం ఆ ఒక్క షాట్ గురించే ఆయనకు ఫోన్లు చేశారు. ప్రతి ఫోన్ తర్వాత ఆయన నాకు చేశారు. మొన్న గురువారం కూడా: "జర చెప్పు బిడ్డా, ఎవలకు చెప్పను."

"ఆదివారం ఇంటికొచ్చి చెప్త సార్."

నిజంగానే చెప్పాలనుకున్నాను. ఆదివారం వెళ్లాను కూడా. సారు హాల్లో పడుకుని ఉన్నారు. తెల్ల చొక్కా, ఖాళీ జేబు.

ఒప్పుకుంటున్నాను. ఆ రోజు టైలర్ జేబులో ఏమీ లేదు. పెట్టడం మరిచిపోయాను. పొగడ్తలన్నీ తనకే వచ్చాయి కాబట్టి నటుడూ నోరు మెదపలేదు. ఉత్తరం నా పర్సులోనే ఉండిపోయింది. అందులో రాసింది ఒక్కటే మాట: "తిన్నవా?"

దండ సర్దుతున్నట్టు వంగి, దాన్ని సారు జేబులో పెట్టాను. పాడె వీధి చివర మలుపు తిరిగేదాకా, బంతిపూల మధ్య దాని అంచు కనబడుతూనే ఉంది.