దుర్మార్గుడి మొదటి అగ్గిపుల్ల

నా మొదటి కథ అచ్చులో పడిన వారం నా కాపురం కూలిపోవలసింది. కూలలేదు, అది వేరే సంగతి. కానీ ఆ శుక్రవారం నుంచి ఆదివారం దాకా నేను పడ్డ భయం పగవాళ్ళకి కూడా వద్దు. ఆ భయాన్ని నా చేత్తో నేనే, అక్షరం తప్పు లేకుండా సాఫు కాపీ రాసి, స్టాంపులు అంటించి మరీ పోస్టులో వేసుకున్నాను.

ఇది డెబ్భై తొమ్మిదో సంవత్సరం. డెబ్భై ఎనిమిది అని మా మరిది రవి ఇప్పటికీ వాదిస్తాడు. మామయ్యగారి కంటి ఆపరేషన్ డెబ్భై తొమ్మిది కార్తీకంలో అయింది. కథ పడింది ఆ కంటికి కట్టు ఉండగా. కాబట్టి నాదే రైటు. రవి లెక్కలు ఎప్పుడూ అంతే.

ముందు నా చదువు సంగతి చెప్పాలి. శుభలేఖలో నా పేరు పక్కన బి.ఏ. అని వేశారు గానీ, నేను నిజంగా శ్రద్ధగా చదివింది వారపత్రికల్లో సీరియళ్ళు. వాటిల్లో మనిషి మంచివాడా చెడ్డవాడా అని బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఏం కాలుస్తున్నాడో చూస్తే చాలు. నోట్లో పైపు ఉంటే కథానాయిక తండ్రి. మొదట కఠినంగా ఉంటాడు, ఆఖరి వారం కళ్ళు తుడుచుకుంటాడు. పొగ రింగులు రింగులుగా వదిలాడంటే వాడు ఎవరో ఒక అమ్మాయిని కారులో ఎక్కించుకుపోతాడు. బీడీ కాల్చేవాడు పేదవాడు, అవసరమైతే ప్రాణమిస్తాడు, సాధారణంగా ఇచ్చేస్తాడు కూడా. కథానాయకుడికి సిగరెట్ అలవాటే ఉండదు, ప్రేమ విఫలమైన వారం తప్ప. అప్పుడైనా సగమే కాలుస్తాడు. మిగతా సగం బూటు కింద నలుపుతాడు. ఆ నలపడంలో ఉంటుంది వాడి ప్రేమంతా. ఇక ఆడమనిషి సిగరెట్ పట్టుకుందంటే ఆవిడ చివరి ప్రకరణం దాకా బతకదు. మీరు నవ్వుతున్నారు గానీ, నేను ఇదంతా వేదంలా నమ్మాను.

నా పెళ్ళి వైశాఖంలో. పుట్టిల్లు నందిగామ, అత్తారిల్లు జగ్గయ్యపేట. బస్సులో ఒక కునుకు తీసేంత దూరం. ఆషాఢం రాగానే, కొత్త కోడలు అత్తగారి గడపలో ఉండకూడదని నన్ను నందిగామ పంపించేశారు. నెల్లాళ్ళు పనీ పాటా లేదు. కథ రాద్దామని కూర్చున్నాను.

కథ అంటే దుర్మార్గుడు కావాలి కదా! పేరు దొరికింది, భూషయ్య. పని దొరికింది, ఒక వితంతువు పొలం కాజేయడం. ఇంతకీ ఏం కాలుస్తాడు? పల్లెటూరి మోతుబరి చేతికి పైపు ఇస్తే జనం నవ్వుతారు. చుట్ట ఇచ్చాను. కానీ మా వైపు ప్రతి అరుగు మీదా ఒక చుట్ట ఉంటుంది. అందరూ దుర్మార్గులు కాలేరు. కాబట్టి భూషయ్య చుట్టకి ఒక ప్రత్యేకమైన పద్ధతి కావాలి. కళ్ళు మూసుకుని ఆలోచించాను. చేయి దానంతటదే కదిలింది.

"భూషయ్య చుట్ట కొసను పన్నుతో కొరికి ఎడమ పక్కకి తుపుక్కున ఉమ్మాడు. అగ్గిపుల్ల గీశాడు. చుట్టకి అంటించలేదు. మాట్లాడుతూనే ఉన్నాడు. పుల్ల వేలిదాకా కాలింది. 'ఛత్' అని విసిరేశాడు. రెండో పుల్ల గీసి అప్పుడు అంటించాడు. మొదటి పుల్ల ఎప్పుడూ వృథాయే. ఎదుటివాళ్ళ బతుకులూ ఆయనకి అంతే."

రాశాక నాకే ఒళ్ళు జలదరించింది. ఎంత గొప్ప ఊహ అని నన్ను నేను మెచ్చుకుని కథ పోస్టు చేశాను.

శ్రావణంలో జగ్గయ్యపేట తిరిగొచ్చాను. మొదటిరోజు మధ్యాహ్నం మామయ్యగారు వసారాలో మడతకుర్చీలో కూర్చుని చుట్ట తీశారు. కొస కొరికారు. ఎడమ పక్కకి ఉమ్మారు. పుల్ల గీసి, "ఏమ్మా, మీ నాన్న కులాసాయేనా? అక్కడ వానలు పడ్డాయా?" అని అడుగుతూ ఉన్నారు. పుల్ల కాలుతూనే ఉంది.

"ఛత్!"

నా చేతిలో మంచినీళ్ళ చెంబు జారిపోయింది.

కళ్ళు మూసుకున్నప్పుడు నాకు ఎవరు కనపడ్డారో అప్పుడు తెలిసింది. పెళ్ళయిన కొత్తలో ఆయన మీసం చూస్తే నాకు భయం. ఆ భయమే భూషయ్య అయింది. తీరా చూస్తే ఆ మీసం వెనకాల ఉన్నది వెన్నలాంటి మనిషి. నేను తినకుండా తను విస్తరి ముందు కూర్చునేవారు కాదు. ఇంక నా అవస్థ చూడండి. రాసినవాళ్ళెవరైనా కథ అచ్చవ్వాలని మొక్కుకుంటారు. నేను అచ్చు కాకూడదని పెనుగంచిప్రోలు తిరుపతమ్మకి మొక్కుకున్నాను. ఆవిడకి కథలంటే ఇష్టం కాబోలు, వినిపించుకోలేదు.

కార్తీకంలో ఇంకో సంగతి వచ్చిపడింది. నందిగామలో ఒక బళ్ళో తెలుగు టీచరుగా నన్ను తీసుకుంటామన్నారు. రోజూ బస్సులో వెళ్ళి రావాలి. ఇంటి కోడలు పొద్దున్నే బస్సెక్కడం అంటే ఆ రోజుల్లో చిన్న మాట కాదు. మా ఆయన "నాన్న సరేనంటే నాకేం" అన్నారు. అత్తయ్యగారు "ఆయన సరేనంటే నాకేం" అన్నారు. కుడికంటికి పచ్చగుడ్డ కట్టుకుని కూర్చున్న మామయ్యగారు "ఆదివారం చెప్తాలేమ్మా" అన్నారు. ఆ ఉద్యోగం మీద నేను ఎంత ఆశ పెట్టుకున్నానంటే, బళ్ళోకి కట్టుకెళ్ళాల్సిన చీరలకి గంజి కూడా పెట్టేశాను.

ఆ శుక్రవారమే రవి బస్టాండు నుంచి పరిగెత్తుకొచ్చాడు.

"వదినా! నీ పేరు అచ్చులో పడింది! చూడు, పక్కన బొమ్మ కూడా వేశారు. ఎవడో మీసాలాయన చుట్ట పట్టుకుని!"



"మా కోడలి కథే!" అని మామయ్యగారు మురిసిపోయారు. "నాకీ కన్ను కట్టు, ఆ కన్ను మసక. ఆదివారం భోజనాలయ్యాక అమ్మాయే చదువుతుంది, అందరం విందాం. తర్వాత ఉద్యోగం సంగతి మాట్లాడుకుందాం."

అంటే ముందు నేరం నా నోటితోనే చదివించి, ఆ తర్వాత తీర్పు.

ఆ సాయంత్రమే పత్రికని కందుల డబ్బాలో అడుక్కి దోపేశాను. శనివారం పొద్దున్న, "పత్రిక ఎక్కడ పెట్టానో కనపడటం లేదు మామయ్యగారూ" అన్నాను. ముఖం కూడా వీలైనంత దిగులుగా పెట్టాను. దిగులు నిజంగానే ఉంది కాబట్టి అది కష్టం కాలేదు.

"దానికేం, ఖాసిం ఉన్నాడుగా!" అన్నారాయన. ఖాసింగారు మా పక్కింటి లారీ డ్రైవరు. సాయంత్రం నందిగామ మీదుగా వస్తూ ఒకటికి రెండు పత్రికలు తెచ్చిచ్చాడు. అదే సమయానికి అత్తయ్యగారు కందులు తీయబోయి మూడోది పట్టుకొచ్చారు. "కందుల్లోకి ఎలా వెళ్ళిందే ఇది?" అని నాకేసి ఒక చూపు చూశారు. ఆ చూపుకి జవాబు నేను ఈనాటికీ వెతుకుతున్నాను.

ఆదివారం వచ్చింది. వసారాలో మామయ్యగారు మడతకుర్చీలో, అత్తయ్యగారు పీట మీద, రవి గోడకి చేరగిలబడి, ఖాసింగారు మెట్టు మీద, మా ఆయన గుమ్మంలో. నేను చాప మీద, మూడు పత్రికల మధ్య, దొంగసొత్తుతో దొరికిపోయినదానిలా కూర్చున్నాను.

వితంతువు కష్టాలు చదువుతుంటే అత్తయ్యగారు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. పేజీ తిప్పితే ఆ పేరా. కాయితాలు లేని లారీ గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఎలా నెమ్మదిస్తుందో అలా నెమ్మదించాను.

"భూషయ్య... భూషయ్య... సిగరెట్ వెలిగించాడు."

"చూశారా!" మామయ్యగారు కుర్చీ చేతి మీద చరిచారు. "సిగరెట్ తాగే ప్రతివాడూ పొలాలు కాజేసేవాడే. ఒరేయ్ రవీ, వింటున్నావా?"

రవి ముఖం సున్నం కొట్టినట్టయింది. నా చెవి దగ్గరికి వంగి, "వదినా, సినిమాహాలు వెనకాల నన్ను చూస్తే నాతో చెప్పొచ్చుగా! పత్రికలో వేయించాలా?" అన్నాడు.

"అయ్యో, తప్పు చదివాను మామయ్యగారూ. బీడీ. బీడీ వెలిగించాడు."

మెట్టు మీద ఖాసింగారు గొంతు సవరించుకున్నాడు. "బీడీ తాగేవాడికి పొలం కాజేసే తీరికెక్కడిదమ్మా? స్టీరింగ్ వదిల్తేగా! నిన్న మీకు పత్రికలు తెచ్చింది కూడా బీడీ తాగేవాడే. గుర్తుపెట్టుకోండి."

"బీడీ కాదు ఖాసింగారూ, అక్షరాలు అలుక్కుపోయాయి. ముక్కుపొడుం. ముక్కుపొడుం పీల్చాడు."

అత్తయ్యగారి ఏడుపు ఠక్కున ఆగింది. చేయి రొంటిన దోపుకున్న డబ్బీ మీదికి పోయింది. "పంటినొప్పికి వేసుకునే పొడుం కూడా పత్రికలకెక్కిందన్నమాట. కానీ అమ్మా, కానీ."

నాకు చెమటతో అక్షరాలు నిజంగానే అలుక్కుపోయాయి. "అసలు భూషయ్యకి ఏ అలవాటూ లేదండీ. కాఫీ కూడా తాగడు!"

గుమ్మంలోంచి మా ఆయన నెమ్మదిగా, "మనింట్లో కాఫీ తాగనిది నేనొక్కణ్ణేగా?" అన్నారు.

చూశారా నా తెలివి! ఒక్క మనిషిని కాపాడబోయి ఇంటిల్లిపాదినీ, పక్కింటితో సహా, దుర్మార్గుల్ని చేసి కూర్చోబెట్టాను.

"అమ్మాయ్," అన్నారు మామయ్యగారు. "పత్రిక వాడికివ్వు. చదివేటప్పుడు నువ్వు గడగడా చదువుతావు. అల్లేటప్పుడు ఆగుతున్నావు."

మా ఆయన ఏది చదివినా వేలం నోటీసు చదివినట్టుంటుంది. ఒక్క అక్షరం వదలరు, ఒక్క అక్షరం కలపరు. వేరే రోజుల్లో అది మంచి గుణం.

"భూషయ్య చుట్ట కొసను పన్నుతో కొరికి," అని మొదలుపెట్టారు.

డాక్టరు మామయ్యగారిని చుట్ట మానమన్నాడు. మేం చూస్తున్నప్పుడు మానారు కూడా. కానీ కథ వినే ఉత్సాహంలో మా సంగతి మరిచిపోయినట్టున్నారు. చేయి జేబులోకి వెళ్ళింది. చుట్ట వచ్చింది. కొస కొరికారు.

"ఎడమ పక్కకి తుపుక్కున ఉమ్మాడు."

ఉమ్మారు.

"అగ్గిపుల్ల గీశాడు. చుట్టకి అంటించలేదు."

గీశారు. వింటూ అలాగే పట్టుకున్నారు. రవి నోరు తెరిచాడు. అత్తయ్యగారి వేళ్ళు డబ్బీ మీదే బిగుసుకుపోయాయి. మా ఆయన కాయితంలోంచి తలెత్తితే కదా!

"పుల్ల వేలిదాకా కాలింది."

కాలింది.

"ఛత్!" అన్నారు భూషయ్య, మామయ్యగారు, ఇద్దరూ కలిసి.

ఖాసింగారు లేచి చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. నేను కళ్ళు మూసుకుని గంజి పెట్టిన చీరల్ని తలుచుకున్నాను. ఉద్యోగం సంగతి దేవుడెరుగు, అదే చీరల్లో పుట్టింటికి పోవడమే.

"అబ్బాయ్," అన్నారు మామయ్యగారు. "ఆ ముక్క మళ్ళీ చదువు."

మా ఆయన మళ్ళీ చదివారు. అదే నోటీసు గొంతుతో.

మామయ్యగారి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. నవ్వు! కంటికట్టు మీద చేయి అడ్డుపెట్టుకుని, కుర్చీ కిర్రుమనేలా నవ్వుతున్నారు.

"అమ్మాయ్, ఎంత ధైర్యమే నీకు! కన్నతండ్రిని పట్టుకుని ఇలా రాసేశావా?"

"ఎ... ఎవర్నండీ?"

"ఇంకెవర్ని, మా నందిగామ బావని! ఆ కొరకడం, ఆ ఉమ్మడం, ఆ పుల్ల తగలెయ్యడం, అచ్చం బావే! ఎన్నిసార్లు చెప్పా, బావా, ముందు అంటించుకుని తర్వాత మాట్లాడు అని! వింటాడా?" అంటూ ఆయన గీసిన రెండో పుల్ల కూడా వేలిదాకా కాలింది. "ఛత్!"

అప్పుడు గుర్తొచ్చింది నాకు. మా నాన్న చుట్ట! పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను కాబట్టి ఏనాడూ చూడలేదు. వీళ్ళిద్దరూ పొగాకు ఆరబెట్టే బేరన్ దగ్గర కలిసి చుట్టలు కాల్చుకుంటూ స్నేహితులై, ఆ స్నేహంలోనే మా పెళ్ళి నిశ్చయించుకున్నారు. ఎవరి పుల్ల ఎవరిని చూసి వృథా కావడం నేర్చుకుందో వాళ్ళకే తెలియదు.

భయం తీరిందనుకుంటున్నారా? గేటు చప్పుడైంది. మా నాన్న, బావగారి కన్ను చూసిపోదామని బస్సు దిగి వస్తున్నారు. చంకలో నాలుగో పత్రిక!

వస్తూనే నన్ను పెరట్లోకి పిలిచారు. "ఝాన్సీ, కొంప ముంచావు గదే! మీ మామగారిని అచ్చు గుద్దినట్టు దింపావు. ఆయన వినలేదు కదా?"

"విన్నారు నాన్నా."

"ఏమన్నారు?"

"నవ్వారు."

"పాపం," అన్నారు మా నాన్న జాలిగా. "తనే అని తెలుసుకోలేదన్నమాట."

వెళ్ళి బావగారి పక్కన కూర్చున్నారు. ఇద్దరూ చుట్టలు తీశారు. ఇద్దరూ కొరికారు. కుశల ప్రశ్నల్లో రెండు పుల్లలూ కాలాయి. "ఛత్!" "ఛత్!" తర్వాత ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు నాకేసి తిరిగి కన్నుగీటారు. మామయ్యగారు, ఉన్న ఒక్క కంటితోనే.

మా నాన్న కాళ్ళు కడుక్కోవడానికి లేచినప్పుడు మామయ్యగారు గొంతు తగ్గించి తీర్పు చెప్పారు. "ఉద్యోగంలో చేరమ్మా. రోజూ నందిగామ వెళ్తుంటే ఆ మనిషిని కాస్త కనిపెట్టుకుని ఉండొచ్చు. నువ్వు రాసినదాన్నిబట్టి చూస్తే, ఆయన్ని ఒంటరిగా వదలకూడదు."

వంటింట్లోకి వెళ్ళి ఊపిరి పీల్చుకున్నాను. వెనకాలే అత్తయ్యగారు వచ్చారు.

"నాతో నిజం చెప్పు. ఇద్దరిలో ఎవరే?"

"ఎవరూ కాదత్తయ్యగారూ. అంతా కల్పన."

"కల్పనా?" అన్నారావిడ కందుల డబ్బాకి మూత పెడుతూ. "ఈ ఇంట్లో అగ్గిపెట్టెలు తెప్పించేది నేను."

ఆ సాయంత్రమే దీపం ముందు నుంచుని ఒట్టు పెట్టుకున్నాను. నా కథల్లో ఇక ఏ దుర్మార్గుడూ ఏదీ కాల్చడు, పీల్చడు, నమలడు. మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టడు. టీచరుగా చేరాక రాసిన ప్రతి కథలోనూ ఆ మాట నిలబెట్టుకున్నాను. మొన్న మా ఆయన నా కొత్త కథ చదివి, కళ్ళజోడు తీసి, నెమ్మదిగా అడిగారు.

"వీడెవడో గ్లాసు పైకెత్తి గటగటా తాగి, ఆఖరి గుక్క మిగిల్చి కరివేపాకు మొక్కకి పోస్తున్నాడు. మనింట్లో అలా పోసేది నేనొక్కణ్ణేగా?"

కాబట్టి ఇందుమూలంగా మా ఆయనకీ, రవికీ, ఖాసింగారి వాళ్ళకీ, మా బంధుమిత్రులందరికీ నేను ప్రమాణం చేసి చెప్పేదేమంటే, ఇకమీదట నా కథల్లో దుర్మార్గులకి దాహం కూడా వేయదు.